అరవై దాటాక బ్యాటరీ సైకిల్: పాఠకుల సందేహాలు

విశాఖలో సైకిల్ తొక్కే పెద్దవాళ్లు ఈ మధ్య ఎక్కువగా బ్యాటరీ సైకిళ్ల గురించే రాస్తున్నారు. కొందరు కొనాలా వద్దా అని అడుగుతున్నారు, కొందరు కొన్నాక వచ్చిన ఇబ్బందులు చెప్పారు. అందరికీ పనికొచ్చేవి కొన్ని ఎంచి జవాబులిస్తున్నాం.

*ప్రశ్న: నా వయసు 66. మాది పెదవాల్తేరు. ఏడు గేర్ల సైకిల్ మీద రోజూ తెల్లారగట్ల ఆర్కే బీచ్‌కి వెళ్తాను. వెళ్లేటప్పుడు హాయిగానే ఉంటుంది. ఇంటికొచ్చేటప్పుడు అప్ ఎక్కలేక దిగి తోసుకుంటున్నాను. కుడి మోకాలు నొప్పి. బ్యాటరీ సైకిల్ కొంటే ఇక వ్యాయామం ఏముంటుందని మా అబ్బాయి అంటున్నాడు. ఏం చేయమంటారు?*

జవాబు: కొనే ముందు ఇప్పుడున్న సైకిల్‌కి రెండు పనులు చేయించండి. మొదటిది సీటు ఎత్తు. సీటు మీద కూర్చుని మడమను పెడల్ మీద పెట్టి, పెడల్‌ని పూర్తిగా కిందికి దించండి. అప్పుడు మోకాలు నిటారుగా రావాలి. ఇంకా వంగే ఉంటే సీటు తక్కువగా ఉన్నట్టే. పడిపోతామన్న భయంతో పెద్దవాళ్లలో చాలామంది సీటు బాగా దించేస్తారు. దాంతో తొక్కిన ప్రతిసారీ మోకాలి చిప్ప మీద భారం పడుతుంది. రెండోది వెనక ఫ్రీవీల్, అంటే వెనక చక్రానికున్న గేరు పళ్లచక్రాల కట్ట. దాని పెద్ద పళ్లచక్రానికి 28 పళ్లు ఉంటే, 34 పళ్లున్న ఏడు గేర్ల ఫ్రీవీల్ వేయించవచ్చు. పెడల్ మీద వేయాల్సిన బలం ఆరో వంతుకు పైనే తగ్గుతుంది. గేర్లు మార్చే వెనక డిరైలర్ 34 పళ్లకు సరిపోయేదో కాదో మెకానిక్‌తో ముందే చూపించుకోవాలి, సరిపోకపోతే అదీ మార్చాలి. ఈ రెండింటితోనే మీ ఇబ్బంది తీరిపోతే అంత డబ్బు పెట్టే పనే లేదు.

తీరకపోతే బ్యాటరీ సైకిల్ గురించి ఆలోచించండి. అప్ ఎందుకంత కష్టమో లెక్క చూస్తే మోటారు చేసే పని తెలుస్తుంది. మనిషి, సైకిల్ కలిపి 95 కిలోలు అనుకుందాం. చదును రోడ్డు మీద గంటకు 10 కిలోమీటర్ల వేగంతో పోవడానికి 30 వాట్ల శక్తి చాలు. వంద మీటర్లకు ఆరు మీటర్లు లేచే రోడ్డు మీద అదే వేగానికి దాదాపు 180 వాట్లు కావాలి, అంటే ఆరింతలు. అలవాటున్న అరవై ఏళ్ల మనిషి ఆయాసం లేకుండా 70, 80 వాట్లు ఇవ్వగలడు. మిగతా వంద మోటారు ఇస్తుంది. మీ 70 మీరు ఇస్తూనే ఉంటారు కాబట్టి వ్యాయామం ఎక్కడికీ పోదు. పైగా తిరుగు ప్రయాణంలో అప్ ఉందన్న బెంగ లేకపోతే రోజూ ఇంకాస్త దూరం వెళ్తారు. మోటారు సాయాన్ని 1, 2 అంటూ పెరిగే మెట్లలో మార్చుకోవచ్చు. దాన్ని 1 లేదా 2లో పెట్టి, మాట్లాడటానికి వీలుగా, పాట పాడటానికి ఊపిరి చాలనంతగా తొక్కండి. అది వేగంగా నడిచినంత శ్రమ. యాక్సిలరేటర్ తిప్పుకుంటూ కూర్చుంటే మాత్రం మీ అబ్బాయి అన్నది నిజమే.

మోకాలి నొప్పి ఉన్నవాళ్లు సెన్సర్ ఏ రకమో తప్పక అడగాలి. తక్కువ ధర సైకిళ్లలో పెడల్ తిరుగుతోందా లేదా అని మాత్రమే చూసే సెన్సర్ ఉంటుంది. పెడల్ ఇరుసు దగ్గర చిన్న అయస్కాంతాల బిళ్ల, దాని పక్కనే ఒక గుండీ లాంటిది కనిపిస్తాయి. పెడల్ పావు చుట్టో అర చుట్టో తిరిగాక గానీ మోటారు అందుకోదు. అప్ మధ్యలో ఆగి మళ్లీ బయల్దేరేటప్పుడు ఆ మొదటి అర చుట్టు భారమంతా మోకాలిదే. రెండో రకం టార్క్ సెన్సర్. ఎంత బలంగా తొక్కుతున్నారో కొలిచి, దానికి తగ్గట్టు సాయం అందిస్తుంది, తొక్కీ తొక్కగానే అందిస్తుంది. ధర ఎక్కువే. కానీ మీ పరిస్థితిలో బ్యాటరీ సైజు మీద పెట్టే డబ్బు దీని మీద పెట్టడమే మంచిది. అది దొరకకపోతే, బయల్దేరేటప్పుడు రెండు మూడు సెకన్లు వాడుకోవడానికి యాక్సిలరేటర్ ఉన్న సైకిలైనా తీసుకోండి.

అప్ మీద ఇంకో జాగ్రత్త ఉంది. మోటారు ఉంది కదా అని పెద్ద గేరులోనే లాగించకండి. మన దగ్గర దొరికే సైకిళ్లలో ఎక్కువ వాటికి మోటారు వెనక చక్రం మధ్యలోనే ఉంటుంది. వేగం ఐదారు కిలోమీటర్లకు పడిపోతే బ్యాటరీ ఇచ్చే కరెంటులో ఎక్కువ భాగం వేడి కిందే పోతుంది. లోపలి నైలాన్ పళ్లచక్రాలు పాడయ్యేది ఇలాంటప్పుడే. అప్ మొదలవక ముందే చిన్న గేరుకు దించి, కాళ్లు చకచకా తిప్పుతూ వేగం 9, 10కి తగ్గకుండా చూసుకోండి.

*ప్రశ్న: నాన్నగారి కాలం నాటి నల్ల సైకిల్ ఇంకా గట్టిగా ఉంది. దానికే మోటారు కిట్ బిగిస్తే సగం ఖర్చుతో పోతుందని చెబుతున్నారు. బిగించవచ్చా? (అక్కయ్యపాలెం)*

జవాబు: వద్దు. ఆ సైకిల్ మీద మమకారం ఉంటే దాన్ని అలాగే నూనె వేసి తొక్కండి. మోటారు మాత్రం పెట్టించకండి. కారణాలు చెబుతాం.

మొదట బ్రేకులు. పాత సైకిల్‌కి ఉండేవి రాడ్ బ్రేకులు. రబ్బరు గుళ్లు రిమ్ముని లోపలి వైపు నుంచి పైకి లాగి పట్టుకుంటాయి. వాన పడి రిమ్ము తడిస్తే సగం పట్టు కూడా ఉండదు. కిట్‌తో వచ్చే చక్రం రిమ్ము సైజూ వేరు, ఆకారమూ వేరు. పాత చక్రం 28 అంగుళాలది, కిట్లు ఎక్కువగా 26 అంగుళాలవో 700సీవో ఉంటాయి. ఆ రిమ్ము దగ్గరికి రాడ్ బ్రేకు గుళ్లు చేరనే చేరవు. అంటే బరువూ వేగమూ పెంచి, ఉన్న బ్రేకు తీసేసినట్టు అవుతుంది.

తర్వాత ఇరుసు. చక్రం మధ్యలో ఉండే హబ్ మోటారు ఇరుసు 12 మిల్లీమీటర్ల మందం, రెండు పక్కలా చదునుగా గీసి 10 మిల్లీమీటర్లు చేస్తారు. అది ఫ్రేము గాడిలో సరిగ్గా పడి, తిరగకుండా నిలవాలి. మోటారు చక్రాన్ని ముందుకు తిప్పుతున్నంతసేపూ ఇరుసును వెనక్కి తిప్పుతూనే ఉంటుంది. పాత సైకిల్ గాడి సన్నం. మెకానిక్ ఆకురాయితో రాకి పెద్దది చేస్తాడు. నట్టు కాస్త వదులైతే ఇరుసు గాడిని ఒరుసుకుంటూ గిర్రున తిరుగుతుంది, మోటారు వైరు మెలిపడి తెగుతుంది. ముందు చక్రం కిట్ అయితే చక్రం ఫోర్కు నుంచి ఊడి బయటికే రావచ్చు. మనిషి ముందుకు తలకిందులుగా పడతాడు. ఇంకా వెనక ఫ్రేము వెడల్పు సంగతి. మోటారు చక్రానికి 135 మిల్లీమీటర్ల దాకా చోటు కావాలి. పాత ఫ్రేముకి అంత ఉండదు, వంచి విడదీస్తే అతుకుల దగ్గర పగులుతుంది.

కిట్ పెట్టించి తీరాలనుకుంటే డిస్క్ బ్రేకులున్న స్టీలు ఫ్రేము సైకిల్‌కి, వెనక చక్రానికే, 250 వాట్ల లోపుది పెట్టించండి. టార్క్ ఆర్మ్ అనే ఇనుప పలక ఇరుసుకీ ఫ్రేముకీ కలిపి బిగించారో లేదో చూసుకోండి. మొదటి 50 కిలోమీటర్లు తిరిగాక నట్లు మళ్లీ బిగించాలి.

*ప్రశ్న: బ్యాటరీ సైకిల్‌కి లైసెన్సూ రిజిస్ట్రేషనూ కావాలా?*

జవాబు: కేంద్ర మోటారు వాహన నిబంధనల ప్రకారం మోటారు శక్తి 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు, బ్యాటరీ తీసేసి తూస్తే బరువు 60 కిలోలకు మించకుండా ఉంటే అది మోటారు వాహనం కిందికి రాదు. లైసెన్సు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. అయితే పుణెలోని ఏఆర్ఏఐ లాంటి పరీక్ష సంస్థ ధ్రువీకరించిన మోడల్‌కే ఈ మినహాయింపు. కొనేటప్పుడు ఆ కాగితం అడగండి. "లాక్ తీసేస్తే 40 పోతుంది సార్" అని షాపులో ఎవరైనా అంటే, ఆ లాక్ తీయించిన రోజే మినహాయింపు పోయినట్టు.

*ప్రశ్న: 36 వోల్టులు, 7.8 ఆంపియర్ అవర్ బ్యాటరీ. ఆర్కే బీచ్ నుంచి భీమిలి వెళ్లి రావచ్చా?*

జవాబు: తక్కువ సాయంతో కూడా రాలేరు. 36ని 7.8తో గుణిస్తే 280 వాట్ అవర్లు, బ్యాటరీలో పట్టే శక్తి అంత. తక్కువ సాయంతో, మీరూ తొక్కుతూ పోతే కిలోమీటరుకు 7 నుంచి 8 ఖర్చవుతాయి. బ్యాటరీని అడుగంటా వాడకూడదు కాబట్టి 32 కిలోమీటర్లు అనుకోండి. భీమిలి ఒకవైపే పాతిక దాటుతుంది. 14 ఆంపియర్ అవర్ బ్యాటరీ అయితే దాదాపు 500 వాట్ అవర్లు, అప్పుడు ఫర్వాలేదు.

దూరం ఒక్కటే కాదు, గాలిని కూడా లెక్కలో వేయాలి. మన తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి వాలుగా ఉంటుంది. ఎండాకాలం, వానాకాలం అంతా వీచేది ఎక్కువగా నైరుతి గాలి. భీమిలి వైపు పోతుంటే అది వీపున తోస్తుంది. కాళ్లలో బలం పెరిగిందనిపిస్తుంది, బ్యాటరీ గీతలు తగ్గవు. రుషికొండ దాటి, మంగమారిపేట దాటి పోతూనే ఉంటారు. తిరిగొచ్చేటప్పుడు అదే గాలి ఎదురవుతుంది. గాలి లేనప్పుడు 20 కిలోమీటర్ల వేగంతో పోతే గాలిని చీల్చడానికి దాదాపు 60 వాట్లు చాలు. 15 కిలోమీటర్ల ఎదురుగాలి ఉంటే అదే వేగానికి 190 వాట్లు కావాలి. వేగాన్ని 15కి తగ్గిస్తే 105 వాట్లతో సరిపోతుంది. ఎదురుగాలిలో బ్యాటరీని కాపాడేది వేగం తగ్గించడమే. దానికి తోడు సాగర్ నగర్ దాటాక కైలాసగిరి పక్కన రోడ్డు ఎగుడుగా ఉంటుంది, అది కూడా మిగిలిన కాస్త బ్యాటరీతోనే ఎక్కాలి. అక్టోబరు నుంచి జనవరి దాకా గాలి ఈశాన్యం నుంచి, అప్పుడు లెక్క తిరగబడుతుంది.

వెనక్కి తిరిగే చోట బ్యాటరీ 60 శాతానికి పైన ఉండాలని పెట్టుకోండి. తెర మీది గీతల్ని మోటారు లాగుతున్నప్పుడు నమ్మకండి, అప్పుడు తక్కువ చూపిస్తాయి. ఆగి, రెండు నిమిషాలయ్యాక చూడండి. వోల్టేజీ చూపే తెర అయితే ఇంకా మేలు. నిండుగా ఉంటే 42, సగానికి 36, 37 మధ్య, 33కి వచ్చిందంటే అయిపోవచ్చినట్టే.

*ప్రశ్న: నాకు 61 ఏళ్లు. చిన్నప్పుడు తొక్కిన అలవాటుంది. లాసన్స్ బే కాలనీలో మొదటి అంతస్తు, లిఫ్టు లేదు. షోరూములో ఒక సైకిల్ ఎక్కి చూస్తే ఒక్కసారిగా ముందుకు దూకింది. చాలా భయం వేసిందండి. ఆడవాళ్లకి ఇది కుదురుతుందా?*

జవాబు: కుదురుతుందమ్మా. ఆ సైకిల్ దూకడంలో మీ తప్పేమీ లేదు. బహుశా సాయం 4లోనో 5లోనో పెట్టి ఉంచారు. పెడల్ మీద కాలు ఆనించగానే అది కాస్త తిరిగి, మోటారు అందుకుంది. ఈసారి వెళ్లినప్పుడు ఇలా చేయండి.

ముందు సీటు దించమనండి, కూర్చుంటే రెండు పాదాల మునివేళ్లూ నేలకు ఆనాలి. మొదటి జవాబులో మోకాలికి చెప్పిన కొలత కన్నా ఇది రెండు సెంటీమీటర్లు తక్కువైనా ఫర్వాలేదు. మోటారు సాయం ఉంది కాబట్టి మోకాలికి అంత భారం ఉండదు, కాలు ఆనడమే మీకు ముఖ్యం. సాయం 1లో పెట్టండి. రెండు బ్రేకులూ పట్టుకోండి. కుడి పెడల్‌ని గడియారంలో రెండు గంటల ముల్లు ఉండే చోటికి తెచ్చి, కాలు దాని మీద ఊరికే పెట్టండి, నొక్కొద్దు. ఇప్పుడు బ్రేకు వదులుతూ నొక్కండి. బ్రేకు పట్టుకుని ఉన్నంతసేపూ మోటారు తిరగకూడదు. ఆ ఏర్పాటు పనిచేస్తోందో లేదో అక్కడే చూపించమనండి. వెనక చక్రం పైకెత్తి యాక్సిలరేటర్ తిప్పి, బ్రేకు లివర్‌ని కొద్దిగా, గుళ్లు పట్టుకోక ముందు దాకా మాత్రమే లాగాలి. అంతలోనే మోటారు ఆగిపోవాలి. కుడి బ్రేకుకీ ఎడమ బ్రేకుకీ వేరువేరుగా చూడాలి. ఆగకపోతే ఆ సైకిల్ తీసుకోకండి. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు పెడల్ మీద కాలు ఆనించి నిలబడే అలవాటు ఉంటే మానుకోవాలి.

ఫ్రేము మధ్యలో అడ్డకడ్డీ లేని మోడల్ అడగండి. కాలు వెనక నుంచి తిప్పి ఎక్కేటప్పుడే పెద్దవాళ్లు ఎక్కువగా తూలుతారు. చీరైనా పంజాబీ డ్రెస్సైనా చైనుకి పూర్తి కవరు, వెనక చక్రానికి చీర గార్డు పెట్టించండి. చున్నీ వెనక ముడేసుకోవాలి.

బరువు సంగతి షోరూములో ఎవరూ చెప్పరు. ఇవి 20 నుంచి 25 కిలోలు. మెట్ల మీద మోసే మాట మరిచిపోండి. బ్యాటరీ తాళంతో ఊడి వచ్చేదే కొనండి. రెండు మూడు కిలోలు ఉంటుంది, అది పైకి తీసుకెళ్లి చార్జింగ్ పెట్టుకోవచ్చు. ఫ్రేములోనే బిగించేసిన బ్యాటరీ అయితే పార్కింగులో ప్లగ్ ఉండాలి. కొనే ముందు ఒక్క పరీక్ష చేయండి. సైకిల్‌ని పక్కన పట్టుకుని నడుస్తూ ఒకవైపుకి కొంచెం వాల్చి, మళ్లీ నిలబెట్టండి. నిలబెట్టలేకపోతే, మిగతావన్నీ ఎంత బాగున్నా అది మీ సైకిల్ కాదు.

*ప్రశ్న: సముద్రం పక్క ఇల్లు. గేటు, కిటికీ ఊచలు అన్నీ తుప్పే. బ్యాటరీ సైకిల్ ఎన్నాళ్లు ఉంటుంది? బ్యాటరీ జాగ్రత్తలు కూడా చెప్పండి.*

జవాబు: తుప్పు కంటికి కనిపిస్తుంది, దాని కన్నా చిలుముతో జాగ్రత్తగా ఉండాలి. బ్యాటరీ కూర్చునే గూట్లో రాగి పలకలు ఉంటాయి. ఉప్పుగాలికి వాటి మీద పచ్చగా, తెల్లగా పొడి పడుతుంది. అక్కడ కరెంటుకి అడ్డు తగిలి వేడెక్కుతుంది, ప్లాస్టిక్ కరుగుతుంది. అప్ మధ్యలో ఉన్నట్టుండి మోటారు ఆగి మళ్లీ వస్తోందంటే ముందు అనుమానించాల్సింది దీన్నే. నెలకోసారి బ్యాటరీ తీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన గుడ్డతో తుడిచి, ఆరాక డైఎలక్ట్రిక్ గ్రీజు పలచగా రాయండి. చార్జింగ్ రంధ్రం రబ్బరు మూత ఊడిపోతే ఆ రోజే మార్చండి.

బీచ్‌కి వెళ్లొచ్చాక మగ్గుతో మంచినీళ్లు నెమ్మదిగా పోసి తుడవాలి. కారు కడిగే ప్రెషర్ పైపు పెట్టకూడదు, నీళ్లు మోటారు సీలు దాటి లోపలికి పోతాయి. చైనుకి వారానికోసారి నూనె. బోల్టు తలలకి వాసెలిన్ రాయవచ్చు, బ్రేకు డిస్కుకి మాత్రం వేలు కూడా తగలనివ్వకండి. కొనేటప్పుడే చువ్వలు స్టెయిన్‌లెస్‌వేనా అని అడగండి. అయస్కాంతం గట్టిగా పట్టేసుకుంటే మామూలు ఇనుమే.

బ్యాటరీ విషయానికొస్తే, ఎండలో తిరిగొచ్చిన వెంటనే చార్జింగ్ పెట్టకండి, అరగంట చల్లారనివ్వండి. 7.8 ఆంపియర్ అవర్ బ్యాటరీకి ఒక నిండు చార్జింగు అంటే 2 ఆంపియర్ల చార్జరుతో నాలుగు గంటలు, కరెంటు మూడో వంతు యూనిట్. రాత్రంతా వదిలేయడం, తలుపు దగ్గర దారికి అడ్డంగా పెట్టి చార్జ్ చేయడం రెండూ వద్దు. వేరే చార్జరు పిన్ను పట్టినా వాడకూడదు. పిల్లల దగ్గరికి నెల రోజులు వెళ్తుంటే సగం చార్జింగుతో చల్లని చోట పెట్టి వెళ్లండి. ఉబ్బినదీ, కింద పడి పగిలినదీ మళ్లీ చార్జ్ చేయవద్దు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత బ్యాటరీలు వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారుదే. పాత సామాన్లవాడికి వేయకండి.

2014 అక్టోబరులో హుద్‌హుద్ చూసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. తుపాను హెచ్చరిక రాగానే బ్యాటరీ ఊడదీసి ఎత్తైన పొడి చోట పెట్టండి. ఉప్పునీళ్లలో మునిగిన లిథియం బ్యాటరీ ఆరిపోయినట్టు కనిపించినా కొన్ని రోజుల తర్వాత కూడా అంటుకోవచ్చు. దాన్ని ఇంట్లోకి తేకూడదు.

*ప్రశ్న: గుండెకి స్టెంట్ వేశారు, రక్తం పలచబడే మందు వాడుతున్నాను. తొక్కవచ్చా?*

జవాబు: మీ గుండె డాక్టరుగారు సరేనంటేనే. గుండె వేగం తగ్గించే మందు కూడా ఉంటే వాచీలో కనిపించే గుండె అంకెను బట్టి శ్రమని లెక్కేయకండి, మాట్లాడగలుగుతున్నారా లేదా అన్నదే కొలత. పలచబడే మందు వాడేవాళ్లు తలకి దెబ్బ తగిలితే, పైకి ఏమీ లేకపోయినా, అప్పటికప్పుడు ఆసుపత్రికి వెళ్లాలి. లోపల రక్తస్రావం నిదానంగా బయటపడుతుంది. హెల్మెట్ లేకుండా గేటు కూడా దాటవద్దు.

*ప్రశ్న: వెనక టైరు పంక్చరైతే మద్దిలపాలెంలో రెండు షాపులవాళ్లు ముట్టుకోమన్నారు. ఎలా? (ఇసుకతోట)*

జవాబు: చక్రం ఊడదీయాలంటే మోటారు వైరు తెగుతుందని వాళ్ల భయం. మామూలు పంక్చరుకి చక్రం ఊడదీసే పనే లేదు. స్విచ్ ఆపి, బ్యాటరీ తీసేయండి. సైకిల్‌ని సైడ్ స్టాండు మీదే ఉంచి, ముల్లు ఉన్న చోట టైరు అంచుని ఒకవైపు జానెడు పొడవున లేపి, ట్యూబు అంతవరకే బయటికి లాగాలి. గాలి కొట్టి కన్నం చూసి, గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ రాసి, తడి ఆరాక ప్యాచ్ వేసి లోపలికి తోసేయడమే. ఈ మాట చెబితే ఏ షాపతనైనా చేస్తాడు. టైరు లోపల ముల్లు మిగిలిందేమో వేలితో తడిమి చూడమనండి.

ట్యూబు మార్చాల్సి వస్తే చక్రం దించక తప్పదు. దానికి 18 నంబరు పానా, వైరుకి కట్టిన ప్లాస్టిక్ పట్టీలు తెంచే కటింగ్ ప్లయర్, మళ్లీ కట్టడానికి నాలుగు కొత్త పట్టీలు సంచిలో ఉంచుకోండి. పని మొదలుపెట్టే ముందు ఇరుసు రెండు వైపులా ఫోన్‌తో ఫొటో తీయండి. వాషర్లు ఏ వరసలో ఉన్నాయో, కొక్కెం ఉన్న వాషర్ ఎటు తిరిగి ఉందో తర్వాత ఎవరికీ గుర్తుండదు. మోటారు వైరు జాయింటుని తిప్పకుండా తిన్నగా లాగాలి. మళ్లీ కలిపేటప్పుడు రెండు ముక్కల మీదా ఉన్న బాణం గుర్తులు ఎదురెదురుగా రావాలి, లేకపోతే లోపలి పిన్నులు వంగిపోతాయి. వైరు ఇరుసు నుంచి కిందికి వేలాడి తర్వాత పైకి వెళ్లేలా కట్టించండి, వాననీళ్లు దాని వెంట మోటారులోకి పోకుండా ఆ వంపు దగ్గరే కారిపోతాయి. నట్లు బిగించాక చక్రాన్ని పైకెత్తి చేత్తో తిప్పి, తర్వాత సాయం 1లో మోటారుతో తిప్పి చూసి, అప్పుడు ఎక్కండి.